అర సెంటీమీటరు తగ్గిస్తే షీటుకు మూడు కవర్లు ఎక్కువ

దసరా మొదలు సంక్రాంతి దాకా చేతి కాగితం పనులకు గిరాకీ కాలం. ఈ నెల ప్రశ్నల్లో సగానికి పైగా చదివింపుల కవర్లు, క్రిస్మస్ స్టార్ల గురించే వచ్చాయి. ఒకేలాంటి వాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: హ్యాండ్‌మేడ్ కాగితం 56 × 76 సెంటీమీటర్ల షీటు 45 రూపాయలకు కొని, 18 × 9 సెంటీమీటర్ల చదివింపుల కవర్లు చేస్తున్నాం. షీటుకు ఆరు వస్తున్నాయి. ప్రింటు, లేసు కలిపి కవరుకు 3 రూపాయలు, అతికించే రూపాయి బిళ్ల 1, పైన ప్లాస్టిక్ తొడుగు 1. ఒక్కో కవరుకు ఆరు నిమిషాలు పడుతుంది. షాపువాళ్లు 40 శాతం అడిగారు. మాకు 24 వస్తే చాలనుకుని, దానికి 40 శాతం కలిపి 34 రూపాయలు ధర పెట్టాం. సీజనంతా అమ్మినా చేతిలో ఏమీ కనిపించలేదు. తప్పెక్కడ?
— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: రెండు చోట్ల. మొదటిది ధర కట్టిన తీరు. షాపువాళ్లు అడిగే 40 శాతం మీ ఖర్చు మీద కాదు, కవరు మీద వేసిన అమ్మకం ధర మీద. 34లో 40 శాతం పోతే మీకు వచ్చేది 20.40. మీకు 24 రావాలంటే 24ని 0.6తో భాగించాలి. ధర 40 అవుతుంది.

ఇక ఖర్చు చూడండి. కాగితం 7.50, ప్రింటు-లేసు 3, బిళ్ల 1, తొడుగు 1, వెరసి 12.50. జిగురు మరకలు, వంకర కోతల కింద పాడయ్యే వాటికి 8 శాతం, అంటే ఒక రూపాయి. గంటకు 75 రూపాయల కూలి వేసుకుంటే ఆరు నిమిషాలకు 7.50. కరెంటు, ఆటో, శాంపిళ్ల కింద మొత్తం మీద 10 శాతం. అన్నీ కలిపితే 23.10. వచ్చింది 20.40 కాబట్టి కవరుకు 2.70 ఎదురు పెట్టారు. సరుకు డబ్బు తిరిగొచ్చింది గనుక నష్టం కనిపించలేదు, అంతే. తరిగింది మీ కూలి. ఏడున్నరలో 4.80 మాత్రమే మీకు దక్కింది.

రెండో తప్పు కోతలో ఉంది, డబ్బు అక్కడ కూడా పోతోంది. 500 నోటు 150 × 66 మిల్లీమీటర్లు. దానికి 9 సెంటీమీటర్ల ఎత్తు అక్కర్లేదు, 8.5 చాలు. ఇప్పుడు లెక్క వేయండి. ముందు వైపు 8.5, వెనక 8.5, మధ్య అతుకు 1.2, మొత్తం 18.2. పొడవు 18, అడుగు మడత 1.5, పై మూత 4, మొత్తం 23.5. షీటు 56 వైపు 18.2 ముక్కలు మూడు పడతాయి (54.6), 76 వైపు 23.5 ముక్కలు మూడు (70.5). తొమ్మిది కవర్లు! మీ 9 సెంటీమీటర్ల కొలతకు అదే ముక్క 19.2 అవుతుంది. మూడు ముక్కలకు 57.6 కావాలి, షీటు 56 దగ్గరే ఆగిపోతుంది. ఆ కాస్త కోసం మూడు కవర్ల కాగితం చెత్తబుట్టలోకి పోతోంది.

తొమ్మిది వస్తే కాగితం ఖర్చు 5 రూపాయలకు దిగుతుంది. పైన చెప్పిన లెక్కే మళ్లీ వేస్తే కవరు 20.13కి తయారవుతుంది. 40కి అమ్మి షాపుకు 16 ఇచ్చినా, కూలి పోను 3.87 మిగులుతుంది.

ఒక జాగ్రత్త. హ్యాండ్‌మేడ్ షీటు అంచులు తిన్నగా ఉండవు. 56 వైపు మీకు మిగిలే వెసులుబాటు 1.4 సెంటీమీటర్లే. కొన్నప్పుడు పై షీటు ఒక్కటే కాదు, కట్ట మధ్యలోంచి కూడా రెండు మూడు తీసి కొలవండి. 55 ఉన్నవి కనిపిస్తే అతుకును 1 సెంటీమీటరుకు తగ్గించండి, మూడు ముక్కలు 54లో సర్దుకుంటాయి. ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద కోయిస్తుంటే ఒకసారికి 25 షీట్లు మించనివ్వకండి. ఈ కాగితం మందం అన్ని చోట్లా ఒక్కలా ఉండదు కాబట్టి ఎత్తు కట్ట పెడితే కత్తి కింద కాగితం జరుగుతుంది, పై షీటుకూ అడుగు షీటుకూ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మొదటి కోత కాగానే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రెస్సువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రశ్న: బజార్లో దొరికే వాటిలాగే మా కవర్ల మీదా రూపాయి బిళ్ల అతికిస్తున్నాం. కొందరు పెద్దవాళ్లు "నూట పదహార్లకు ఇది సరిపోదమ్మా" అంటున్నారు. బిళ్లలు కొన్ని ఊడి కూడా వస్తున్నాయి.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వాళ్లు అన్నది న్యాయమే. ఒక్క రూపాయి బిళ్ల నూట ఒకటి, ఐదు వందల ఒకటి చదివించే వాళ్లకు సరిపోతుంది. మన ఇళ్లలో 116, 516, 1116 చదివించే వారికి పదహారు కావాలి. ఆఖరి నిమిషంలో పది నోటు, ఐదు బిళ్ల, రూపాయి బిళ్ల వెతుక్కుని లోపల పడేస్తే నోట్ల మధ్య గలగలమంటాయి, మూత తీయగానే కింద పడతాయి. కవరు లోపల చిన్న జేబు పెట్టి ఇవ్వండి.

దానికి విడిగా కాగితం కొనక్కర్లేదు. పై జవాబులో చెప్పిన కోతలో 76 వైపు 5.5 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. వంకర అంచులు తీసేస్తే నికరంగా నాలుగున్నర. దాన్ని 6 సెంటీమీటర్ల చొప్పున కోస్తే తొమ్మిది ముక్కలు, తొమ్మిది కవర్లకు తొమ్మిది జేబులు. రెండు పక్కలా, అడుగునా ఒక్కో సెంటీమీటరు మడిచి, ఆ మడతలకు మాత్రమే జిగురు రాసి, వెనక ముక్కకు లోపలి వైపు అతికించండి. 4 × 3.5 సెంటీమీటర్ల జేబు తయారవుతుంది. ఐదు, రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పది నోటు మిగతా నోట్లతో పాటు పోతుంది. కవరు అతుకు వేయకముందే జేబు అతికించాలి, తర్వాత చెయ్యి దూరదు.

బిళ్లలు ఊడటానికి కారణం జిగురు. ఫెవికాల్ ఆరాలంటే అందులోని నీటిని కాగితం పీల్చుకోవాలి. స్టీలు పీల్చదు. డబుల్ సైడ్ టేపు చిన్న ముక్క వాడండి. అతికించే ముందు బిళ్లను పొడి గుడ్డతో తుడవండి, చేతి జిడ్డు ఉంటే టేపు కూడా పట్టదు.

ప్రశ్న: కవర్ల మీద "శుభాకాంక్షలతో" అని వేయించాం. వత్తులు ఊడి పక్కన పడ్డాయి, కొన్ని అక్షరాలు ముద్దగా అలుక్కుపోయాయి. కంప్యూటర్లో చూసినప్పుడు బాగానే ఉంది.
— డ్వాక్రా సంఘం సభ్యులు, నల్గొండ జిల్లా

జవాబు: ఇవి రెండు వేరు వేరు జబ్బులు. వత్తులు ఊడటం ఫాంటు సమస్య. మీరు యూనికోడ్‌లో (ఫోన్లు, కంప్యూటర్లలో ఇప్పుడు అందరూ వాడే పద్ధతి) టైపు చేసి పంపి ఉంటారు, ప్రెస్సులో పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉంటారు. దానికి యూనికోడ్ తెలుగు అర్థం కాదు, అక్షరాలను విడదీసి పేర్చేస్తుంది. ప్రెస్సులోనే అను ఫాంట్లలో (ప్రెస్సులు వాడే పాత తెలుగు ఫాంట్లు) మళ్లీ టైపు చేయించండి, లేదా మీరే పీడీఎఫ్ చేసి ఇవ్వండి. ఏదైనా సరే, వంద కవర్లు వేయకముందు ఒక్క కాగితం మీద ప్రింటు తీసి, వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి.

అలుక్కుపోవడం కాగితం సమస్య. గరుకు కాగితం సిరా లాగేసుకుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటరు సిరా దీని మీద పారుతుంది. లేజర్ ప్రింటరు పొడి గుంటల్లోకి అంటక గోరు తగిలితే రాలుతుంది, మందపాటి షీటైతే మిషన్లో ఇరుక్కుంటుంది కూడా. కొన్ని వందల కవర్లు వేయించేటప్పుడు స్క్రీన్ ప్రింటింగే నయం. రంగుకొక స్క్రీన్ కావాలి కాబట్టి ఒకే రంగులో డిజైన్ పెట్టుకోండి. తెలుగు అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకూడదు, సన్న గీతల ఫాంటు వద్దు. "క్ష", "శు" లాంటి వాటిలో లోపలి ఖాళీలు ముందుగా పూడుకుపోతాయి, శాంపిల్లో వాటినే చూడండి. ముక్కలు చదునుగా ఉన్నప్పుడే ప్రింటు వేయించాలి, అతికించిన కవరు మీద వేస్తే అతుకు గీత పైకి తేలుతుంది.

ప్రశ్న: 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ పేపరుతో 18 అంగుళాల క్రిస్మస్ స్టార్లు చేశాం. ముందు ముఖం ఒకే ముక్క, వెనక ఇంకో ముక్క. వరండాలో కట్టిన మూడో రోజుకే మొనలు వాలిపోయాయి. ఐదూ కాదు, ప్రతి స్టార్‌లోనూ రెండే. మడతల దగ్గర రంగు చిట్లి తెల్లగా కనిపిస్తోంది. ఎందుకు?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: "రెండే" అన్న మాట రాశారు చూడండి, సమాధానం అందులోనే ఉంది. మిల్లు కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి. ఆ దిక్కున కాగితం బిర్రుగా నిలుస్తుంది, అడ్డంగా మెత్తగా వంగుతుంది. తేమ తగిలితే అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. ముఖం మొత్తం ఒకే ముక్కలో కోస్తే ఐదు మొనలూ ఐదు దిక్కులకు పోతాయి, నారల వరసకు అడ్డం పడినవి వాలిపోతాయి. డిసెంబరు మంచు, సముద్రపు గాలి దానికి తోడు.

మొనలను విడివిడిగా కోయండి. ముందుకు ఐదు, వెనక్కు ఐదు, మొత్తం పది ముక్కలు. ప్రతి ముక్కలోనూ నడి మడత నారల వరస వెంట ఉండాలి. వరస తెలుసుకోవడానికి ఐదు సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి ఒక వైపు మాత్రం తడి వేలితో రాయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఏ దిక్కో, నారలు ఆ దిక్కు. అచ్చు పెట్టే ముందు షీటు మూలన ఆ దిక్కుకు పెన్సిల్‌తో బాణం గీసుకోండి.

రంగు చిట్లడానికి ఆర్ట్ పేపరు పూతే కారణం. పైన ఉన్న నున్నటి పొర మడిస్తే పగులుతుంది. పూత లేని 250 జీఎస్ఎం కార్డు తీసుకోండి. మడిచే ముందు గాడి గీయాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్, స్టీలు స్కేలు చాలు. చాలామంది గాడి లోపలికి వచ్చేలా మడుస్తారు, అది తప్పు. గాడి బయటివైపు ఉండాలి, వెనక లేచిన ఉబ్బు మడత లోపలికి పోవాలి. అప్పుడే బయటి నారలు తెగవు.

జిగురు మడత 12 మిల్లీమీటర్లకు తక్కువ పెట్టొద్దు. ఫెవికాల్‌ను వేలితో కాకుండా పాత కార్డు ముక్కతో పల్చగా లాగండి. ఎక్కువైతే దాని నీటికే కాగితం ముడతలు పడుతుంది. బట్టల క్లిప్పులు 20 నిమిషాలు ఉంచి, క్లిప్పులు తీశాక రాత్రంతా ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో రెండు రాత్రులు. పైకి పొడిగా కనిపించినా లోపల పచ్చిగా ఉన్న అతుకే కట్టిన మర్నాడు విడిపోతుంది. వెలుగు కోసం కత్తిరించే కిటికీలు మడతకు కనీసం 8 మిల్లీమీటర్లు, మొన కొసకు 15 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి. వాటి వెనక గాలిపటాల కాగితం అతికిస్తే రంగు వెలుగు బాగా వస్తుంది. వేలాడదీసే దారం మొన కొసకు కాకుండా కిందికి రెండంగుళాల దగ్గర, లోపల కార్డు ముక్క అతికించి, రెండు రంధ్రాల గుండా పోనివ్వండి.

బల్బు విషయంలో మాత్రం రాజీ లేదు. ఎల్ఈడీ మాత్రమే, 3 వాట్లు దాటకుండా. పాత జీరో బల్బు పేరుకే జీరో, పది పదిహేను వాట్లు తింటుంది, వేడెక్కుతుంది. "ఎల్ఈడీ బల్బు మాత్రమే వాడాలి, వానలో కట్టకూడదు" అని ప్రతి స్టార్ మీదా చీటీ అతికించి అమ్మండి. స్టార్లు డిసెంబరు ఒకటో తారీఖు నాటికే ఇళ్ల ముందు వేలాడుతాయి కాబట్టి షాపులకు నవంబరు మూడో వారానికల్లా చేరాలి.

ప్రశ్న: ఇవే స్టార్లు హైదరాబాదుకు పంపితే కొరియర్‌వాళ్లు పావు కిలో సరుకుకు ఆరు కిలోల డబ్బు తీసుకున్నారు. మోసమా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మోసం కాదు. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగించి, ఆ వచ్చిన కిలోలకు, అసలు బరువుకు ఏది ఎక్కువైతే దానికి వసూలు చేసే పద్ధతి కొరియర్లలో ఉంది. విప్పి ఉన్న 18 అంగుళాల స్టార్‌కు 46 × 46 × 15 డబ్బా అనుకుంటే 6.35 కిలోలు. అదే చివరి ఒక్క అతుకు వేయకుండా, సగానికి మడిచి 46 × 25 × 3లో పెడితే 0.69 కిలోలు. చివరి అతుకుకు డబుల్ సైడ్ టేపు వేసి, పై పొర తీయకుండా పంపండి. కొన్నవాళ్లు పొర తీసి అతికించుకుంటారు. ఎలాగో బొమ్మలతో చిన్న కాగితం లోపల పెట్టాలి, లేకపోతే ఫోన్లు తప్పవు. పోస్టులో పంపే వాళ్లకు ఒక మాట. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, పాత రేట్లతో లెక్క వేసుకోకండి.

ప్రశ్న: దీపావళికి ఒక కంపెనీ 2000 ప్రింటు కవర్లు అడిగింది. 21 రోజుల గడువు. నలుగురం, రోజుకు ఐదేసి గంటలు చేయగలం. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 2000కు వద్దు. కవరుకు ఆరు నిమిషాలైతే 200 గంటలు, మీ నలుగురికి పది రోజులు. కాగితం రావడానికి ఐదు, కోతకూ ప్రింటుకూ నాలుగు, లెక్కపెట్టి కట్టలు కట్టడానికి ఒకటి, మధ్యలో దసరాకు ప్రెస్సు మూసేసే మూడు రోజులు. 23 అయ్యాయి. ఇంకో ఇద్దర్ని పెట్టుకుంటే సరిపోతుందని అనిపిస్తుంది గానీ, కొత్త చెయ్యి మొదటి రెండు రోజులు కవరుకు పది పన్నెండు నిమిషాలు తీసుకుంటుంది, పాడుచేసేదీ ఎక్కువే. పైగా వాళ్లకు నేర్పడానికి మీలో ఒకరు పని మానాలి.

1200 ఒప్పుకోండి. 19 రోజులవుతుంది, రెండు రోజుల వెసులుబాటు. సగం డబ్బు ముందు తీసుకుని, అదే రోజు కాగితం మొత్తం ఒకేసారి కొనండి. షీటుకు తొమ్మిది చొప్పున 134, పాడయ్యేవి కలిపి 145 షీట్లు. హ్యాండ్‌మేడ్ కాగితానికి రంగు తొట్టి తొట్టికీ మారుతుంది. సగం ఇప్పుడు, సగం తర్వాత కొంటే ఒకే డబ్బాలో రెండు రకాల ఎరుపు కనిపిస్తుంది, కంపెనీవాళ్లు వెనక్కి పంపిస్తారు. పనిని పంచుకునేటప్పుడు ఒకరే మొదటి నుంచి చివరి దాకా చేయకుండా గాడి ఒకరు, మడత ఒకరు, జిగురు ఇద్దరు అనుకోండి. జిగురు చేతులు ప్రింటును ముట్టుకోకుండా ఉంటాయి.

ప్రశ్న: ఫెవికాల్ బదులు మైదా ఉడికించి వాడొచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వెంటనే చేతులు మారే వస్తువుకు వాడొచ్చు. నెలల తరబడి నిల్వ ఉండే కవర్లకు వద్దు, బొద్దింకలు, వెండి పురుగులు దానికోసమే వస్తాయి. వంద గ్రాముల మైదాను చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం అర లీటరు నీళ్లు పట్టేలా సన్నని సెగ మీద అద్దంలా మెరిసే దాకా కలుపుతూ ఉడికించాలి. చిటికెడు పటిక వేస్తే రెండు రోజులు ఉంటుంది. బైండింగ్ పనివాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మిఠాయి డబ్బాలకు, పిల్లలు ముట్టుకునే వాటికి ఆ జిగురు వాడకండి.

ప్రశ్న: పండగ అయ్యాక మిగిలిన సరుకు ఏం చేయాలి?
— ముగ్గురు పాఠకులు

జవాబు: మిగలకుండా ముందే చూసుకోవాల్సింది డిజైన్లో. కవరు మీద దీపం బొమ్మ, పండగ పేరు, సంవత్సరం వేస్తే పండగతోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. సగం సరుకు ముగ్గు, మామిడాకు, తామర లాంటి వాటితో చేయండి, మాఘమాసం పెళ్లిళ్లలో అమ్ముడుపోతుంది. పండగ పేరు వేయక తప్పకపోతే విడి పట్టీ మీద వేసి కవరు చుట్టూ తొడగండి, పండగ వెళ్లాక తీసేయొచ్చు. దాచేటప్పుడు నిలువుగా కాకుండా పడుకోబెట్టి, వెలుతురు తగలని అట్టపెట్టెలో, సిలికా జెల్ పొట్లాలు వేసి టేపు వేయండి. నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు. ఆ వాసన కాగితాన్ని వదలదు, పెళ్లి కవరు బీరువాలోంచి తీసిన చీరలా కొడుతుంది.

ప్రశ్న: జీఎస్టీ నంబరు లేకుండా ఆన్‌లైన్లో అమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వస్తువులు అమ్మేవారికి ఏడాది అమ్మకాల పరిమితి తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. ఆ లోపు ఉన్నవాళ్లు 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ వేదికల ద్వారా కూడా తమ రాష్ట్రం లోపల నంబరు లేకుండా అమ్ముకోవచ్చు. జీఎస్టీ పోర్టల్లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు మాత్రం తీసుకోవాలి. ఖమ్మం నుంచి విజయవాడకు గంటల దారే అయినా అది వేరే రాష్ట్రం, అక్కడికి అమ్మితే ఈ వెసులుబాటు వర్తించదు. నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. మీరు చేసేది ఆ జాబితాలోకి వస్తుందో రాదో మొదటి ఆర్డరు తీసుకోకముందే ఆడిటరుకు వస్తువు చూపించి అడగండి.